టామీ స్మిత్ మాస్టారు

(బెంగళూరులో తెలుగువారి ఆదివారం సభలో, ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరైన వక్త చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. ఈ మైకు కొంచెం దూరంగా జరపండి బాబూ. ముప్పై ఏళ్ళు గ్రౌండులో అరిచిన గొంతు ఇది. మైకు లేకపోయినా చివరి వరస దాకా వినపడుతుంది. (నవ్వులు)

నన్ను పిలిచినప్పుడు "ఆటల వల్ల పిల్లలకు లాభాలు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే పిల్లలు లేచి వెళ్ళిపోతారు, నాకు అనుభవమే. అందుకని ఒక మనిషి గురించి చెప్తాను. ఆయన పరుగు ఇరవై సెకన్లది. కోచ్ ఉద్యోగం ముప్పై మూడేళ్ళది. లోకానికి ఆ ఇరవై సెకన్లే తెలుసు. నాకు మిగిలిందాని మీదే ఆసక్తి, ఎందుకంటే నేను చేసిందీ ఆ ఉద్యోగమే కాబట్టి.

మూడేళ్ళ కిందట మా అక్క కొడుకు అమెరికా నుంచి ఒక ఫోటో పంపాడు. వాడు శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్. ఈ హాల్లో ఎవరి పిల్లలైనా అక్కడ చదివారా? చేతులెత్తండి. ఒకటి, రెండు... ఏడు. చూశారా, మనవాళ్ళకు శాన్ హోసే అంటే కోరమంగళ దాటాక వచ్చే ఊరు. సరే, ఆ ఫోటోలో విజేతలు మెడల్ తీసుకునేటప్పుడు నిలబడే మెట్లున్నాయి. వాటి మీద ఇరవై అడుగులు దాటిన రెండు విగ్రహాలు. ఇద్దరూ తల దించుకుని, ఒక్కో పిడికిలి పైకెత్తి ఉన్నారు. రెండో స్థానం మెట్టు మాత్రం ఖాళీ. ఆ ఖాళీ మెట్టు మీద మావాడు లాప్‌టాప్ బ్యాగుతో నిలబడి రెండు వేళ్ళు చూపిస్తున్నాడు. "ఎవరు మామా వీళ్ళు? అందరూ ఇక్కడ ఫోటో దిగుతుంటే నేనూ దిగా" అని రాశాడు.

రెండేళ్ళు రోజూ ఆ విగ్రహాల పక్కనుంచే క్లాసుకు వెళ్ళాడట! తిట్టాలనిపించింది. తిట్టకుండా ఫోన్ చేసి గంటసేపు చెప్పాను. మీకు అరగంటలో ముగిస్తాను.

మధ్య మెట్టు మీదున్నాయన టామీ స్మిత్. 1944లో టెక్సాస్‌లో పుట్టాడు. పన్నెండు మంది పిల్లల్లో ఏడోవాడు. పత్తి తీసే కూలీల కుటుంబం. తర్వాత పనులు వెతుక్కుంటూ కాలిఫోర్నియాకు వచ్చారు, అక్కడా పొలాలే. మా మదనపల్లె వైపు టమాటా కోతల రోజుల్లో బడి సగం ఖాళీ అయ్యేది. అలాంటి పిల్లాడే అనుకోండి. కాకపోతే ఆరడుగుల మూడంగుళాల మనిషి అయ్యాడు. పొడుగు కాళ్ళు. స్కాలర్‌షిప్ మీద శాన్ హోసే స్టేట్‌లో చేరాడు.

అక్కడ ఆయనకు దొరికిన కోచ్ పేరు బడ్ వింటర్. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే అసలు కథ ఇక్కడే ఉంది. ఆ ఊరిని ఆ రోజుల్లో "స్పీడ్ సిటీ" అనేవాళ్ళు. టామీ స్మిత్, ఆ ఫోటోలో రెండో విగ్రహమైన జాన్ కార్లోస్, నాలుగొందల మీటర్ల ఛాంపియన్ లీ ఎవాన్స్ ముగ్గురూ ఆ ఒక్క కాలేజీ ట్రాక్ మీద తయారైనవాళ్ళే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వింటర్ నేవీ పైలట్ల శిక్షణలో పనిచేశాడు. టెన్షన్‌లో ఉన్న కుర్రాళ్ళకు శరీరాన్ని వదులు చేసుకోవడం నేర్పేవాడు. యుద్ధం అయిపోయాక అదే విద్యను పరుగులోకి తెచ్చాడు. దవడ వదిలెయ్. చేతులు వదిలెయ్. భుజాలు కిందికి జార్చు. వేగం దానంతటదే వస్తుంది.

వినడానికి ఇది స్వామీజీ ప్రవచనంలా ఉంటుంది గానీ, దీని వెనక లెక్క ఉంది. తొడ వెనక కండరం బిగిసినప్పుడు ముందు కండరం వదలాలి. మరుక్షణం ఇది బిగియాలి, అది వదలాలి. సెకనుకు నాలుగైదు అడుగులు పడే పరుగులో ఈ బిగింపూ వదలడమూ ఎంత శుభ్రంగా జరిగితే అంత వేగం. పళ్ళు కొరికారనుకోండి, మెడ బిగుసుకుంటుంది. దాంతో భుజం, భుజంతో చేయి, చేత్తో కాలు. ఇంకో సంగతి. రెండొందల మీటర్ల చివర్లో ఎవరూ వేగం పెంచరు. పెంచినట్టు మన కళ్ళకు కనిపిస్తుంది, అంతే. అందరూ తగ్గుతుంటారు, తక్కువగా తగ్గినవాడు గెలుస్తాడు.

ఇది నాకు తెలిసేసరికి నేను కోచింగ్ మొదలుపెట్టి ఎనిమిదేళ్ళయింది. సిగ్గుపడాల్సిన విషయమే, అయినా చెప్తాను. మా కాలేజీలో ఒక అమ్మాయి ఉండేది. హాస్టల్ పిల్ల, కన్నడం అమ్మాయి. రెండొందల మీటర్లలో ప్రతిసారీ నాలుగో స్థానమే. నేను ట్రాక్ పక్కన పరుగెత్తుతూ "గట్టిగా! ఇంకా గట్టిగా! పళ్ళు బిగించు!" అని అరిచేవాణ్ణి. పాపం ఆ పిల్ల నేను చెప్పినట్టే చేసేది. చివరి నలభై మీటర్లలో మొహం వంకర్లు పోయేది, భుజాలు చెవుల దాకా వచ్చేవి, కాళ్ళు నేలకు అతుక్కుపోయేవి. అయ్యాక కూలబడి "ఆగల్ల సార్" అనేది. "నావల్ల కాదు" అని. ఆ పిల్లకు పట్టుదల లేదని నేను అనుకునేవాణ్ణి. ఒకసారి కంఠీరవ స్టేడియంలో ఒక పెద్దాయన, పాత కోచ్, నా పక్కన నిలబడి చూసి, "ఆ పిల్లను ఆపుతున్నది నువ్వేనయ్యా" అన్నాడు. కన్నడంలో అన్నాడు, ఇంకొంచెం ఘాటుగా. (నవ్వులు)

మర్నాడు బొరుగులు పొట్లం కట్టించుకుని గ్రౌండుకు వెళ్ళాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక బొరుగు పెట్టి, అది నలగకుండా రెండొందల మీటర్లు పరుగెత్తమన్నాను. మొదటి వారం అంతా పొడే. మిగతా పిల్లలు నవ్వేవాళ్ళు. మూడో వారానికి బొరుగు బొరుగులాగే తిరిగొచ్చింది. గడియారం చూసి నేను నమ్మలేదు, మళ్ళీ పరుగెత్తించాను. ఆ ఏడాది ఆ అమ్మాయికి మూడో స్థానం వచ్చింది. మూడే, మొదటిది కాదు. ఇప్పుడు రైల్వేలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఫోన్ చేస్తే "బొరుగుల సార్" అంటుంది.

సరే, టామీ స్మిత్ దగ్గరికి వద్దాం.

1968 అక్టోబరు 16. మెక్సికో సిటీ. సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున్న ఊరు. గాలి పల్చన, స్ప్రింటర్లకు అది వరం. ఒలింపిక్స్‌లో మట్టి ట్రాక్ పోయి సింథటిక్ ట్రాక్ వచ్చింది కూడా అప్పుడే. రెండొందల మీటర్ల సెమీఫైనల్, ఫైనల్ ఒకే రోజు. సెమీస్‌లో గీత దాటాక టామీ స్మిత్‌కు గజ్జల దగ్గర కండరం పట్టేసింది. ఐస్ పెట్టి, పట్టీ వేసుకుని ఫైనల్‌కు వచ్చాడు. ఆయన మూడో లేన్, కార్లోస్ నాలుగు, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పీటర్ నార్మన్ ఆరు. వంపు తిరిగేసరికి కార్లోస్ ముందున్నాడు. టామీ స్మిత్ వంపంతా కాలిని కాపాడుకుంటూ వచ్చి, నేరుగా ఉన్న దారిలో పడగానే కాలికి పగ్గాలు వదిలాడు. చివరి అడుగుల్లో, గీత ఇంకా దాటకముందే, రెండు చేతులూ పైకెత్తేశాడు. అప్పటికీ 19.83 సెకన్లు. ప్రపంచ రికార్డు. పదకొండేళ్ళ తర్వాత 1979లో ఇటలీ మనిషి మెనియా అదే ఊళ్ళో 19.72 పరుగెత్తేదాకా నిలిచింది.

నార్మన్‌కు రెండో స్థానం, 20.06. ఈ అంకె గుర్తుపెట్టుకోండి. 2025లో మన అనిమేష్ కుజూర్ ఆసియా పోటీల్లో 20.32 పరుగెత్తి జాతీయ రికార్డు చేస్తే మనం పండగ చేసుకున్నాం. చేసుకోవాల్సిందే. కానీ 1968లో రెండో స్థానం వచ్చినవాడి అంకెను మనం ఇంకా అందుకోలేదు. ఆస్ట్రేలియాలోనే ఆ రికార్డు పోవడానికి 56 ఏళ్ళు పట్టింది. 2024 డిసెంబరులో గౌట్ గౌట్ అనే స్కూలు పిల్లాడు 20.04తో తీసేశాడు.

మెడల్స్ ఇచ్చేటప్పుడు జరిగింది మీకు తెలిసే ఉంటుంది. నల్లవాళ్ళ హక్కుల కోసం, వాళ్ళ పేదరికం కనపడాలని, టామీ స్మిత్, కార్లోస్ ఇద్దరూ బూట్లు విప్పి నల్ల సాక్సులతో మెట్లెక్కారు. అమెరికా జాతీయగీతం వినపడుతుండగా నల్ల గ్లవ్ వేసిన పిడికిలి ఎత్తారు. టామీ స్మిత్‌ది కుడి చేయి, కార్లోస్‌ది ఎడమ చేయి. ఎందుకలా అంటే కార్లోస్ తన గ్లవ్స్ రూములో మర్చిపోయి వచ్చాడు. ఉన్న ఒక్క జత చెరొకటి వేసుకోండి అని సలహా ఇచ్చింది నార్మన్. ఆ తెల్లాయన కూడా వాళ్ళ ఉద్యమం బ్యాడ్జీ పెట్టుకుని నిలబడ్డాడు, అందుకు తన దేశంలో ఆయనా అనుభవించాడు. నాకు ఎప్పుడూ ఒక విచిత్రం తోస్తుంది. పరుగులో పిడికిలి బిగించొద్దని నాలుగేళ్ళు నేర్పిన కోచ్ శిష్యుడు, పరుగు అయ్యాక బిగించిన పిడికిలితోనే లోకానికి గుర్తుండిపోయాడు.

ఇక్కడ ఒక మాట. "వాళ్ళ మెడల్స్ లాగేసుకున్నారు" అని వాట్సాప్‌లో ప్రతి ఏడాదీ తిరుగుతుంటుంది. లాగేసుకోలేదు. జట్టు నుంచి తీసేసి, ఒలింపిక్ గ్రామం నుంచి పంపేశారు. మెడల్స్ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. పంపే ముందు కొంచెం చూసి పంపండి. ముఖ్యంగా మా అపార్ట్‌మెంట్ గ్రూపువాళ్ళు. (నవ్వులు)

తిరిగొచ్చాక? వయసు 24. ఇంట్లో భార్య, చంటిపిల్లాడు. బెదిరింపు ఉత్తరాలు. ఆ రోజుల్లో పరుగుకు డబ్బులు లేవు, అది అమెచ్యూర్ల ఆట. ప్రపంచంలోకెల్లా వేగంగా రెండొందల మీటర్లు పరుగెత్తే మనిషికి ఇంటద్దె కట్టే దారి లేదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో సిన్సినాటి బెంగాల్స్ జట్టులో చేరాడు. ఎక్కువగా ప్రాక్టీసు జట్టులోనే ఉంచారు. అసలు మ్యాచుల్లో ఆయన పట్టింది ఒకే ఒక్క బంతి, 41 గజాలకు. ఆ కథ అంతటితో సరి.

1972లో ఒహాయో రాష్ట్రంలోని ఒబర్లిన్ కాలేజీ పిలిచింది, ట్రాక్ కోచ్‌గా. అది చిన్న కాలేజీయే గానీ చరిత్ర పెద్దది. 1835 నుంచే నల్ల విద్యార్థులను చేర్చుకున్న చోటు. అక్కడ క్రీడల విభాగానికి కొత్తగా వచ్చిన డైరెక్టరు జాక్ స్కాట్, నల్లవాళ్ళను హెడ్ కోచ్‌లుగా పెట్టుకోవడానికి మిగతా కాలేజీలు వెనకాడుతున్న రోజుల్లో, ధైర్యం చేసి ఈయన్ను తీసుకున్నాడు. అయితే ఒబర్లిన్ పిల్లలు పరుగు కోసం వచ్చినవాళ్ళు కాదు, చదువు కోసం వచ్చినవాళ్ళు. స్పీడ్ సిటీలో పెరిగినవాడికి ఇది ఎలా ఉండి ఉంటుందో నేను ఊహించుకోగలను. మా కాలేజీలో ఇంటర్నల్స్ ఉన్నాయంటే గ్రౌండుకు ఎవడూ వచ్చేవాడు కాదు. నేనూ, స్టాప్‌వాచీ, ఒక కుక్కా.

ఛాంపియన్ అయినవాడు మంచి కోచ్ అవుతాడని మనందరికీ ఒక నమ్మకం. సంగీతంలో మటుకు మనకు ఆ భ్రమ లేదు. గొప్పగా పాడేవాళ్ళలో ఎంతమందికి పాఠం చెప్పడం వచ్చు? పరుగులోనూ అంతే. ఛాంపియన్ ఒంటికి తెలిసింది నోటికి తెలియదు. ఆయన మోకాలు ఎంత ఎత్తు లేస్తుందో ఆయన ఎప్పుడూ చూసుకోలేదు. "నాకెలా వచ్చిందో అలా పరుగెత్తు" అంటే ఎదురుగా ఉన్నది అయిదడుగుల నాలుగంగుళాల పిల్లాడు, వాడి కాలు వేరు. టామీ స్మిత్‌కు కలిసొచ్చింది ఏంటంటే, ఆయన సొంత వేగాన్ని నమ్ముకుని పైకి రాలేదు. వింటర్ దగ్గర ఒక్కో ముక్కా మాటల్లో నేర్చుకున్నాడు. మాటల్లో నేర్చుకున్నదే మాటల్లో చెప్పగలం. లీ ఎవాన్స్ కూడా కోచ్ అయ్యాడు, ఎక్కడో నైజీరియా దాకా వెళ్ళి నేర్పాడు. ఒక గురువు కింది ఇద్దరు శిష్యులు గురువులయ్యారంటే ఆ పాఠంలో ఏదో ఉంది.

1978లో టామీ స్మిత్ కాలిఫోర్నియాకు తిరిగొచ్చి శాంటా మోనికా కాలేజీలో చేరాడు. కార్ల్ లూయిస్ పేరుతో వినే శాంటా మోనికా ట్రాక్ క్లబ్ వేరు, ఇది వేరు. ఇది రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీ. పేరున్న యూనివర్సిటీలో సీటు రానివాళ్ళు, ఫీజు కట్టలేనివాళ్ళు, పగలు పనిచేసి సాయంత్రం చదివేవాళ్ళు, చదువు మానేసి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళు, అందరూ వచ్చే చోటు. రెండేళ్ళు చదివి పెద్ద యూనివర్సిటీకి మారిపోతారు. అక్కడ ఆయన 27 ఏళ్ళు ఉన్నాడు. 2005లో రిటైరయ్యాడు.

రెండేళ్ళ కాలేజీలో కోచ్ అంటే ఏమిటో ఆలోచించండి. మొదటి ఏడాది పిల్లాడికి బ్లాక్స్ మీద పాదం ఎలా పెట్టాలో నేర్పాలి. వార్మప్ ఎగ్గొట్టకుండా అలవాటు చేయాలి. వాడి నడుము వంగుతుంటే సరిచేయాలి. రెండో ఏడాది సీజను సగానికి వచ్చేసరికి వాడు నిజంగా పరుగెత్తడం మొదలుపెడతాడు. జూన్ వస్తుంది. వాడు వెళ్ళిపోతాడు. వాడు పెద్ద పోటీలో గెలిచినా కొత్త యూనివర్సిటీ బనియను మీదే గెలుస్తాడు, పేపర్లో కొత్త కోచ్ పేరే వస్తుంది. సెప్టెంబరులో మళ్ళీ "ఇది స్పైక్, ఇది ఎడమ కాలు" అని మొదటినుంచీ. పదమూడు, పధ్నాలుగు బ్యాచ్‌లు అలా. మాకు మూడేళ్ళ డిగ్రీ కాబట్టి నాకు ఒక ఏడాది ఎక్కువ దక్కింది, అంతే తేడా.

కోర్టులో లాయరు వేసుకునే కోటులా ఆయన గెలిచిన మెడల్ రోజూ వేసుకుని తిరిగేది కాదు. ఆ పిల్లల్లో చాలామంది 1968 తర్వాత పుట్టినవాళ్ళు. వాళ్ళకు ఆయన సాయంత్రం గడియారం పట్టుకుని నిలబడే పొడుగాటి మాస్టారు. నాకైతే ఆ బొమ్మే ఎక్కువ నచ్చుతుంది.

ఈ మధ్యలో ఒకటి జరిగింది. 1995లో బార్సిలోనా ప్రపంచ ఇండోర్ పోటీలకు వెళ్ళిన అమెరికా జట్టు కోచ్‌లలో ఒకడుగా టామీ స్మిత్‌ను పంపారు. జట్టు నుంచి ఇంటికి పంపేసిన 27 ఏళ్ళకు అదే దేశం జట్టును ఆయన చేతుల్లో పెట్టారు. మన పేపర్లలో నేనైతే చూసిన గుర్తు లేదు.

మన దగ్గర ఎలా ఉంటుందంటే, పరుగులో గెలిచినవాళ్ళకు రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం ఇస్తాం. మంచిదే, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. కానీ ఆ మనిషి ఒంట్లో ఉన్న విద్య టికెట్ కౌంటరు వెనక కూర్చుని ఫైలు కింద అణిగిపోతుంది. కోచింగ్ చేయాలంటే పటియాలాలో కోచ్‌లను తయారుచేసే సంస్థ ఎన్ఐఎస్‌లో డిప్లొమా చేసినవాళ్ళు వేరే ఉంటారు. కాలేజీల్లో ఉండే మాలాంటి ఫిజికల్ డైరెక్టర్లకు, కాలేజీలకు గ్రేడ్లిచ్చే నాక్ వాళ్ళు వస్తే ఫైళ్ళు, కాలేజీ డే వస్తే షామియానా, ఎన్నికలు వస్తే డ్యూటీ. ఇవన్నీ అయ్యాక చీకటి పడకముందు మిగిలిందే ట్రాక్. కాలేజీ అనేది పరుగు పుట్టే చోటు అని అమెరికావాళ్ళు అనుకున్నట్టు మనం ఎప్పుడూ అనుకోలేదు. నా బాధల్లా అదొక్కటే.

అయినా పరుగు నేర్పే దారిలో వెళ్ళేవాళ్ళు వెళ్తూనే ఉన్నారు. 1984లో సెకనులో వందో వంతు తేడాతో ఒలింపిక్ మెడల్ పోగొట్టుకున్న పి.టి. ఉష తర్వాత కేరళలో సొంతంగా అథ్లెటిక్స్ స్కూలు పెట్టింది. మన బెంగళూరు ట్రాక్ మీద పెరిగిన అశ్విని నాచప్ప, తెలుగు సినిమాలో తన పాత్ర తనే వేసి మనింటి పిల్ల అయిపోయింది కదా, కొడగులో స్కూలు నడుపుతోంది. మన తెలుగాయన నాగపురి రమేశ్ గారు ద్యుతీ చంద్‌కు నేర్పారు. వరంగల్ వైపు కల్లెడ పిల్ల జీవాంజి దీప్తికి నేర్పారు. ఆ పిల్ల 2024 పారిస్ పారాలింపిక్స్‌లో నాలుగొందల మీటర్ల కాంస్యం తెచ్చింది. దీప్తి పేరు మీలో సగం మందికి తెలుసు. రమేశ్ గారి పేరు ఎంతమందికి తెలుసు? ఊరికే అడిగాను, చేతులెత్తక్కర్లేదు.

ఆ ఖాళీ మెట్టు సంగతి చెప్పకుండా దిగితే మా మేనల్లుడు ఒప్పుకోడు. 2005 అక్టోబరులో, అంటే టామీ స్మిత్ రిటైరైన ఏడాదే, శాన్ హోసే విద్యార్థులు పూనుకుని ఆ విగ్రహాలు పెట్టించారు. నార్మన్ విగ్రహం వద్దన్నది నార్మనే. ఆ చోట ఎవరొచ్చినా ఎక్కి, తానూ వాళ్ళతో నిలబడ్డానని అనుకోవాలన్నాడు. ఆవిష్కరణకు ఆస్ట్రేలియా నుంచి వచ్చాడు కూడా. ఏడాది తిరగకముందే, 2006 అక్టోబరులో పోయాడు. ఆయన శవపేటిక మోసినవాళ్ళలో టామీ స్మిత్, కార్లోస్ ఉన్నారు. ఇదంతా విని మావాడు మళ్ళీ వెళ్ళి అదే మెట్టు మీద ఇంకో ఫోటో దిగాడు. ఈసారి వేళ్ళు చూపించలేదు, బ్యాగు కింద పెట్టాడు.

టీ చల్లారిపోతోందని సైగ చేస్తున్నారు. ఒక్క మాట చెప్పి దిగుతాను. వచ్చే ఆదివారం నుంచి పొద్దున ఆరింటికి నేను గ్రౌండులో ఉంటాను. పన్నెండేళ్ళు దాటిన పిల్లల్ని పంపండి. స్పైక్స్ అప్పుడే కొనొద్దు, మామూలు బూట్లు చాలు. నీళ్ళ సీసా వాళ్ళే మోసుకురావాలి, మీరు మోయకూడదు. బొరుగులు నేను తెస్తాను.